నీలం చుక్కలు పెట్టిన రాళ్ళు

సాయంత్రం వేళ. పెంపుడు జంతువుల దుకాణం మీద కట్టుకున్న ఇంట్లో ముందు గది. కింద చిలకల గోల. బావ ఫోన్ చేసి రమ్మంటే వచ్చిన మరదలు భుజాన ఉన్న సంచి ఇంకా దించనేలేదు.

"అయితే రేపు ఆ రాతిపామును గాలికొదిలేస్తున్నారన్నమాట."

"నేనలా అన్నానా బావా?"

"అనలేదు. అందుకే అడుగుతున్నా."

"మా పాముల రక్షణ కమిటీ మాటలు బయట చెప్పకూడదు. నీకు తెలీదా?"

"ఇది బయటేమిటి? నీ అక్కగారి ఇల్లు. ముందు ఆ సంచి దించు. బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డావ్."

"దించుతాలే. అక్కేది?"

"వంటింట్లో. ఏమేయ్! మీ పాముల డాక్టరమ్మ వచ్చింది!"

"చూశానండీ. పాలు పొంగుతున్నాయి, వస్తున్నా."

"విన్నావా? పాలు పొంగితే చెల్లెలు కూడా కనపడదు మీ అక్కకి. కూర్చో. అది కాదు, ఆ కుర్చీకి కాలు ఊగుతుంది. ఇటు కూర్చో."

"ఏంటి బావా ఇంత మర్యాద? అర్జెంటుగా రమ్మన్నావు. అక్కకి ఒంట్లో బాగోలేదేమోనని పరిగెత్తుకొచ్చా."

"మీ అక్కకేం, గుండ్రాయిలా ఉంది. అసలు సంగతి చెప్పు. నీటిపామా, రాతిపామా?"

"కింద ఆ కారెవరిది?"

"ఏ కారు?"

"షట్టర్‌కి అడ్డంగా పెట్టారే, నల్లది. లోపల మనిషి ఉన్నాడు. ఇంజన్ కూడా ఆపలేదు."

"ఎవరో కస్టమరు. చిలకల కోసం వచ్చాడు. నువ్వడిగింది నేను చెప్పా. ఇప్పుడు నేనడిగింది నువ్వు చెప్పు."

"అసలు నీకెందుకీ పాముల గోల? కుబుసం చూసి కుర్చీ ఎక్కిన మనిషివి నువ్వు."

"ఎక్కాను. ఎక్కితే? భయం వేరు, వ్యాపారం వేరు. పట్టుకునేది, కడిగేది, తిండి పెట్టేది మీ అక్క. నేను గాజులోంచి చూసి రేటు చెప్తా. ఎవరి పని వాళ్ళది."

"అమ్మకూడనివి అమ్మట్లేదుగా?"

"ఏది అమ్మకూడదో మీరు తేలిస్తేగా మాకు తెలిసేది! అందుకే కదా అడుగుతున్నా."

"తిప్పి తిప్పి అక్కడికే వస్తావు."

"పాము కాళ్ళు పాముకే తెలుసన్నారు. చెప్పవే, నీకు పుణ్యముంటుంది."

"సరే. రేపు మధ్యాహ్నానికి అందరికీ తెలిసేదేగా. ఈ ఏడు ఒక్క పాముకే కాపలా ఇవ్వగలం. మనుషుల్లేరు, జీపుల్లేవు. ఏది మొదటి స్థానంలో ఉంటే దానికే కాపలా. దాన్ని పట్టినా, అమ్మినా జైలు. మిగతావాటికి వచ్చే ఏడు చూద్దాం అనడమే."

"అంటే ఒకదానికి గొడుగు పట్టి, మిగతావాటిని వానలో నిలబెడతారు."

"ఆ మాట అనడానికి నువ్వే దొరికావా? మీలాంటివాళ్ళు అమ్మబట్టే కదా మాకీ తంటా."

"కోప్పడకు మరి. ఏది ముందో ఎలా తేలుస్తారు? చీటీలు తీస్తారా?"

"మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఎన్ని మిగిలాయి? ఎన్ని అమ్ముడుపోతున్నాయి? ఇక్కడ పోతే ఇంకెక్కడైనా ఉందా? నీటిపాములు మడుగు నిండా ఉన్నాయి. కానీ చర్మాల కోసం గోతాలకి గోతాలు ఎత్తుకుపోతున్నారు. ఎక్కువున్నది తగ్గుతుంటే ఎవరికీ కనపడదు బావా. కనపడేసరికి ఖాళీ. అది మా సార్ మాట."

"నీ మాట?"

"నాది రాతిపాము. ఆ ఒక్క కొండ మీదే ఉంది. భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఏడాదంతా దానికోసం అందరితోనూ పోట్లాడాను."

"పోట్లాడి పోట్లాడి, తీరా చివర్లో చేతులెత్తేస్తున్నావట?"

"అట? ఎవరు చెప్పారు?"

"ఎవరో ఒకరు."

"కమిటీ బయట నేను ఒక్కళ్ళకే చెప్పాను. ఫోన్లో. అక్కకి."

"అక్కకి చెబితే బావకి చెప్పినట్టు కాదా? మొగుడూ పెళ్ళాల మధ్య గోడలుంటాయా?"

"అక్కా! ఒకసారి ఇటు రా!"

"వస్తున్నానే చిట్టీ. ఇదిగో, టీ. పంచదార తక్కువే వేశాను. ఏంటే అలా చిక్కిపోయావు? తింటున్నావా అసలు?"

"నేనేడ్చిన సంగతి కూడా బావకి చెప్పావా?"

"ఊరికే మాటల్లో వచ్చింది. ఆయనే అడిగారు. తాగు, చల్లారిపోతుంది."

"నా మొహం చూసి చెప్పక్కా."

"స్టవ్ మీద ఇంకో గిన్నె ఉందే. వస్తా ఉండు."

"పారిపోయింది చూడు. సర్లే, ఇంతకీ ఏడుపు దేనికి?"

"పోయిన వారం కొండెక్కాను, ఆఖరి లెక్క కోసం. ఒక్కటంటే ఒక్కటి లేదు బావా. నేను గుర్తు పెట్టుకున్న రాళ్ళన్నీ లేపి చూశాను. కింద తడి ఉంది, నాచు ఉంది, కుబుసాలు ఉన్నాయి. పాము లేదు. తలుపులు తీసే ఉన్నాయి, ఇంట్లో మనుషులు లేరు, అలా ఉంది."

"ఎండలకి లోపలికి దిగి ఉంటాయి."

"మా సార్‌తో నేనూ అదే అన్నాను. 'ఉంటాయి కాదమ్మా, చూశావా?' అన్నారు. చూడనిదాన్ని మొదట పెట్టమని ఏ మొహంతో అడుగుతాను? లేని పాముకి కాపలా పెట్టి, ఉన్న పాముల్ని గోతాలకి వదిలేస్తే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది? అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, మధ్యలో నేను. నా మాటతోనే తేలుతుంది. నీటిపాముకే వేస్తాను. వెయ్యక తప్పదు."

"ఆగు ఆగు. తొందరపడకు."

"ఎందుకు ఆగాలి?"

"రాతిపామునే మొదట పెట్టు."

"ఏంటీ?"

"మొదట పెట్టు అంటున్నా. ఎంత పైన పెట్టగలవో అంత పైన పెట్టు."

"నేనింకా దాన్ని తీసెయ్యమని బతిమాలడానికి పిలిచావేమో అనుకున్నా!"

"బావంటే ఎంత చులకనో చూడు."

"దుకాణం పెట్టుకున్నవాడివి. పామును కాపాడమని అడుగుతున్నావు. ఏదో ఉంది. ఏంటి బావా?"

"ఏముందీ, మరదలి కష్టం బూడిదలో పోసిన పన్నీరు కాకూడదని."

"నవ్వకు. చెప్పు."

"నవ్వట్లేదే."

"చెమటలు పడుతున్నాయి నీకు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. కింద కారెవరిది?"

"మళ్ళీ కారు దగ్గరికే వచ్చావా!"

"చిలకల కోసం వచ్చినాయన ఇంతసేపూ కారులోనే కూర్చుంటాడా? దిగి చిలకల్ని చూడడా?"

"గట్టిగా అరవనని మాటియ్యి, చెప్తా."

"ఇవ్వను."

"ఇవ్వకపోతే మానెయ్. నీ పాములున్నాయి."

"ఏవీ?"

"అవే. రాతిపాములు. ఉన్నాయి. బతికే ఉన్నాయి. నిక్షేపంలా ఉన్నాయి."

"బతికే ఉన్నాయా? నిజంగా? నా మీద ఒట్టు? ఎక్కడ చూశావు? కొండకి అవతలి పక్కనా? నేననుకుంటూనే ఉన్నా, పోయి ఉండవని! అబ్బ బావా, ఎంత చల్లటి కబురు చెప్పావు! వారం రోజులుగా నాకు ముద్ద దిగట్లేదు తెలుసా?"

"కింద ఉన్నాయి."

"కొండ కిందా? అక్కడ అంత తడి ఉండదే..."

"మన కింద. దుకాణంలో. వెనక గదిలో. అలా చూడకే. ఏదైనా అను. తిట్టు పోనీ."

"మీరు పట్టుకొచ్చారా?"

"మీరా! నా పెళ్ళైన కొత్తలో కూడా నన్ను 'మీరు' అనలేదు నువ్వు."

"ఎన్ని?"

"పద్నాలుగు."

"నేను మూడేళ్ళు తిరిగితే కనిపించినవి పద్నాలుగు."

"తెలుసు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, మావాళ్ళు తవ్వనే లేదు. తిన్నగా వెళ్ళారు, రాయి ఎత్తారు, సంచిలో వేసుకున్నారు. కూరగాయల మడిలో వంకాయలు కోసినంత తేలిక."

"ఎలా? రాత్రుళ్ళు లైటు పట్టుకుని గంటలు గంటలు కూర్చుంటే నాకు ఎప్పటికో ఒకటి కనపడేది. మీవాళ్ళకి ఎవరు చూపించారు?"

"నువ్వే."

"నేనా!"

"చుక్కలెవరు పెట్టారు?"

"ఏ చుక్కలు?"

"పాము ఉన్న ప్రతి రాయి మీదా నీలం చుక్క. ఎవరు పెట్టారంటున్నా."

"అది... చూసినదాన్నే మళ్ళీ లెక్కపెట్టకుండా. అది మా పని పద్ధతి బావా. లెక్క తప్పితే కమిటీ ఒప్పుకోదు. రాయి అడుగున పెట్టాల్సింది. తడికి రంగు నిలవట్లేదని పైన పెట్టాను."

"మావాడొకడు ఉడుముల కోసం వెళ్ళి, 'అన్నా, ఆ కొండ మీద రాళ్ళకెవరో బొట్లు పెట్టారు' అన్నాడు. ఏం రంగురా అన్నా. 'మన షట్టర్ రంగే' అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. షట్టర్‌కి వేయగా మిగిలిన డబ్బా నువ్వేగా అడిగి పట్టుకెళ్ళింది? మీ అక్క మూత గట్టిగా బిగించి, కవర్లో పెట్టి మరీ ఇచ్చింది."

"అక్క ఇచ్చింది."

"చుక్కలు నువ్వు పెట్టావు, గీతలు మేం కలిపాం. ఇందులో నా తెలివేం లేదు."

"నేనే... నా చేత్తో నేనే..."

"ఇదిగో, ఏడవకు. చచ్చినవాటికి ఏడవాలిగాని బతికున్నవాటికి ఎందుకు?"

"మరి మొదటి స్థానం ఎందుకు నీకు? అది వస్తే దాన్ని దాచినందుకు నీకే జైలు కదా?"

"ఇక్కడ ఉంటేగా! కింద ఉన్నాయన రేపటికల్లా దేశం దాటించేస్తాడు. ఆయన కొనేది పామును కాదే పిచ్చిదానా. పాములు ఏ పొదలో చూసినా ఉంటాయి. 'ఇంతకన్నా అపురూపమైంది లోకంలో లేదు' అని మీలాంటి చదువుకున్నవాళ్ళు వేసే ముద్ర ఉంటుందే, దాన్ని కొంటాడు. రేపు మీరు పైన పెడితే దాని ధర వేరు. పెట్టకపోతే తొట్టిలో చేప, బోనులో చిలక, అదీ అంతే."

"మేం కాపాడమని రాసేది చదివి మీరు రేటు కట్టుకుంటారా?"

"ఎప్పటినుంచో. నీకిప్పుడు తెలిసింది."

"పోలీసులకి చెప్తాను."

"చెప్పు. దుకాణం లైసెన్సు ఎవరి పేరున ఉందో కూడా చెప్పు, వెతుక్కోకుండా."

"ఎవరి పేరున ఉంది?"

"మీ అక్క పేరున. కాగితాల్లో నేనావిడ దగ్గర పనిచేసే మనిషిని."

"బావా!"

"అరవద్దన్నాను కదూ? నాకు మాత్రం సరదానా? కింద ఉన్నాయన మన లాంటివాడు కాదు. నవ్వుతూనే మాట్లాడతాడు. నవ్వుతూనే మీ అక్క ఏ దారిన కూరగాయలకి వెళ్తుందో చెప్పాడు. నేను చెప్పలేదు ఆయనకి. వచ్చేముందే తెలుసుకుని వచ్చాడు."

"ఏంటండీ, గట్టిగా మాట్లాడుకుంటున్నారు? బిస్కెట్లు మర్చిపోయానే చిట్టీ. తీసుకో. అలా తెల్లబోయావేంటే?"

"అక్కా, వెనక గదిలో ఉన్నాయా?"

"ఏవి?"

"నా పాములు."

"ఆఁ. ఉన్నాయి."

"నువ్వే చూసుకుంటున్నావా?"

"నేనే. ఇంకెవరున్నారు?"

"బాగున్నాయా?"

"బిస్కెట్ తీసుకో."

"బాగున్నాయా అని అడుగుతున్నా."

"చూస్తున్నానే. పొద్దున లేవగానే ముందు వాటి దగ్గరికే వెళ్తున్నా. మొహం కూడా కడుక్కోకుండా."

"నిజమేనే, పసిపిల్లల్ని చూసినట్టు చూస్తోంది మీ అక్క. ఫ్రిజ్‌లో ఐసంతా వాటి తొట్టి కిందకే. మొన్నట్నుంచి నాకు గ్లాసుడు చల్లటి నీళ్ళు దొరకట్లేదు ఈ ఇంట్లో!"

"ఐసు పెడుతున్నావా? మంచి పని చేశావక్కా. చల్లదనం లేకపోతే అవి ఆగవు. నీకెలా తెలిసింది?"

"ఏదో తోచింది."

"నేను వాటిని చూడాలి బావా."

"కింద ఆయనుండగానా? కమిటీ మనిషివని తెలిస్తే అంతే సంగతులు. ఇదిగో, ఫోన్లో చూడు. పొద్దున్నే గాజు మీద ఫోన్ ఆనించి తీశా."

"పెద్దది చెయ్యి. ఇంకా. అవే! తల మీద ఆ తెల్ల గీత, అవే! పగలు ఇలాగే చుట్టలు చుట్టుకుని పడుకుంటాయి. చీకటి పడితే గాని కదలవు. ఇదిగో, ఇది ఆడది, తోక పొట్టిగా ఉందిగా? దీని వీపు మీద పాత గాయం. నాకు మొట్టమొదట కనిపించింది ఇదే బావా. దీన్ని చూసే నేనీ పనిలోకి దిగాను."

"నువ్వు పెళ్ళిచూపులు చూసినట్టు చూస్తున్నావు. నాకైతే అన్నీ తాడుముక్కల్లా ఒకలాగే ఉన్నాయి."

"సగం ఇచ్చెయ్."

"ఏంటీ?"

"సగం నాకిచ్చెయ్. తీసుకెళ్ళి కొండ మీద వదిలేస్తా. అప్పుడే మొదట పెడతా."

"కూరగాయల బేరమా ఇది?"

"కాదు. వంకాయలన్నది నువ్వేగా? ఏడు."

"ఒకటి."

"ఏడు బావా. లేకపోతే నీటిపాముకే వేస్తా. ఆయనకి నువ్వేం చెప్పుకుంటావో చెప్పుకో."

"నా గొంతు మీద కత్తి పెడుతున్నావు. రెండు."

"ఐదు."

"మూడు. ఇంక ఒక్కటి ఎక్కువ అడిగినా మా ఇద్దరి మీదా ఒట్టే. ఆయనకి ఎన్నని చెప్పానో నాకే గుర్తులేదు, అదొక్కటే మన అదృష్టం."

"మూడూ ఆడవే ఇవ్వాలి. గుడ్లతో ఉన్నవి."

"ఏవి గుడ్లతో ఉన్నాయో నాకేం తెలుసు!"

"నాకు తెలుసు. ఇదీ, ఇదీ, ఆ మూలన పడుకుందే, అదీ."

"చీరల కొట్లో కూడా ఇంత బేరమాడే మనిషిని చూళ్ళేదు. సరే. ఫోన్ చెయ్."

"ఎవరికి?"

"మీ సార్‌కి. ఇప్పుడే, నా ముందే. స్పీకర్ పెట్టు."

"ఇప్పుడే ఎందుకండీ? రేపు పొద్దున నిదానంగా చెప్తే పోదా? అది ఆలోచించుకోవద్దూ?"

"రేపటిదాకా కింద ఆయన ఉండడు. మధ్యలో నువ్వెందుకే? లోపలికెళ్ళు."

"ముందు టీ తాగవే చిట్టీ. తాగి చెయ్యి."

"టీ టీ అంటావేంటక్కా! ప్రాణాలు పోతుంటే!"

"వద్దే చిట్టీ."

"ఏం వద్దు?"

"అవునే, ఏం వద్దు?"

"ఏం లేదండీ."

రెండుసార్లు మోగాక అవతల ఫోన్ ఎత్తారు.

"నేనే సార్, నమస్తే."

"నీకే చేద్దామనుకుంటున్నానమ్మా. మడుగు దగ్గర కాపలాకి ఉత్తర్వు రాసి పెట్టాను. నువ్వు ఊఁ అంటే సంతకం చేసేస్తా."

"సార్, నా ఓటు... రాతిపాముకే."

"అదేంటి? నిన్న కాదన్నావుగా?"

"నిన్న లేవనుకున్నాను. ఉన్నాయి సార్."

"ఉన్నాయంటే? చూశావా? అమ్మాయ్, వినపడుతోందా? నీ కళ్ళతో చూశావా?"

"చూశాను సార్."

"ఎన్ని?"

"పద్నాలుగు."

"బతికున్నవేగా?"

"బతికున్నవే."

"ఏంటా చప్పుడు?"

"ఖాళీ కప్పు సార్. మా అక్క చేతిలోంచి జారింది."

"సరేనమ్మా. నువ్వు చూశానంటే నేను చూసినట్టే. చూడనిది చూశానని నువ్వెప్పుడూ చెప్పలేదు. మడుగు దగ్గర తాత్కాలికంగా పెట్టిన మనవాళ్ళని ఈ సాయంత్రమే కొండకి పంపించేస్తాను. మడుగు సంగతి ఇక దేవుడెరుగు. కాపలా ఎప్పుడు లేస్తుందా అని ఇప్పటికే గట్టున లారీ పెట్టుకుని కూర్చున్నారట."

"సార్, ఒక్కరినైనా అక్కడ ఉంచలేమా?"

"ఒక్కడు లారీని ఆపుతాడా అమ్మా? ఒకదాన్ని ఎంచుకున్నాం. ఎంచుకోవడమంటే ఇదే. ఉంటాను."

"పెట్టేశాడా? శభాష్! బంగారంలాంటి మరదలు! మా ఇంటి దీపం!"

"దీపం గీపం ఏం వద్దు. మూడు ఆడవి. ఇప్పుడే."

"ఇప్పుడే. ఆయన నాలాగా గాజులోంచి చూసే రకం కాదు, ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని చూసుకుంటానన్నాడు. ఆ పని మొదలయ్యేలోపు నీవి మూడూ పక్కకి తీయిస్తా. నీ సంచి ఇటియ్యి."

"గుడ్డ సంచి అది. తడిపి పిండి వాడు. మూతి మరీ బిగించకు."

"చిత్తం. ఏమే, కిందికి రా. వాటిని తియ్యాలి."

"మీరు పదండి. ఈ పెంకులెత్తి వస్తా. ఎవరి కాల్లోనైనా గుచ్చుకుంటాయి."

"త్వరగా రా. ఆయన్ని ఒంటరిగా ఎక్కువసేపు కూర్చోబెట్టలేను."

బావ మెట్లు దిగిన చప్పుడు ఆగింది. కింద చిలకలు ఇంకా గోలగానే ఉన్నాయి.

"అక్కా, ఆ పెంకులు వదిలెయ్. చెయ్యి కోసుకుంటావు."

"కుర్చీ కింద ఒకటి ఉండిపోయింది."

"నా మీద కోపంగా ఉందా? లైసెన్సు నీ పేరున పెట్టాడని చెప్పాడు. అందుకే నోరు మూసుకున్నా. లేకపోతే నేను సార్‌తో అబద్ధమాడేదాన్నా? ఇదే మొదటిసారి అక్కా. నాలుక మడతపడింది."

"నీకు అబద్ధాలు రావే. చిన్నప్పట్నుంచీ రావు."

"మూడు చాలు. గుడ్లతో ఉన్నవి మూడుంటే కొండ మళ్ళీ నిండుతుంది, ఎప్పటికో ఒకప్పటికి. తెల్లారేలోపు నేనే తీసుకెళ్ళి వదులుతా. ఈసారి ఏ గుర్తూ పెట్టను. మడుగు సంగతి... మడుగుకి తర్వాత ఏడుస్తా. ఇప్పుడు ఏడిస్తే ఏ పనీ చెయ్యలేను."

"చిట్టీ."

"ఊఁ?"

"రాళ్ళ కింద చలిగా ఉంటుందా?"

"ఎక్కడ?"

"అదే, కొండ మీద. అవి ఉండే చోట."

"ఎప్పుడూ చలే. మిట్ట మధ్యాహ్నం చెయ్యి పెట్టినా జివ్వుమంటుంది. అందుకేగా అవి ఇంకెక్కడా బతకనిది! నువ్వు ఐసు పెట్టావుగా, పర్లేదు."

"ఐసు మొన్నట్నుంచేనే."

"అంతకుముందు?"

"అంతకుముందు బల్బు పెట్టాను. కొండచిలువలకి పెడతామే, ఆ పెద్ద బల్బు. కొత్త చోటు, చిన్న ప్రాణాలు, వణుకుతాయేమోనని. దుకాణంలో పాములన్నిటికీ అలాగే పెడతాం. వెచ్చగా ఉంటేనే తింటాయి."

"వాటికా? వాటికి బల్బు పెట్టావా?"

"తిండి ముట్టలేదు. తొట్టి గోడలెక్కి ఒకటే తిరిగాయి. వెచ్చదనం చాలట్లేదేమో అనుకుని ఇంకో బల్బు కూడా పెట్టాను."

"అయ్యో అక్కా! ఒక్క మాట నన్నడగకూడదా?"

"ఎలా అడగను? నీ పాములు నా దగ్గరున్నాయే అని అడగనా?"

"మొన్న బల్బులు తీసేశావుగా? తీశాక తేరుకున్నాయిగా?"

"నీ టీ చల్లారిపోయింది. మళ్ళీ వెచ్చబెట్టుకొస్తా."

"అక్కా, కూర్చో. నా చెయ్యి వదలకు. ఎందుకలా ఉన్నావు?"

"ఫోన్ చెయ్యొద్దని చెప్దామనుకున్నానే. ఆయన ముందు నోరు రాలేదు. సరుకు పాడైందని కింద ఆయన ఇంతకుముందు ఒకతన్ని ఏం చేశాడో మీ బావే చెప్పారు నాకు. ఆ రోజు నుంచి ఈయన తలుపు రెండుసార్లు చూసుకుంటే గాని పడుకోవట్లేదు."

"ఏం చెప్దామనుకున్నావు నాకు?"

"ఏమే! ఒకసారి కిందికి రావే! ఇవి కదలట్లేదు! ఈయన అడుగుతున్నారు, త్వరగా రా!"

"వస్తున్నానండీ!"

"కదలట్లేదంటాడేంటి? ఇంకా చీకటి పడలేదుగా, నిద్రలో ఉంటాయి. తట్టమను. మెల్లిగా తట్టమనక్కా, లేస్తాయి. పొద్దున ఫొటోలో ఎంత చక్కగా చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి!"

"అవి చుట్టుకోలేదే చిట్టీ. మొన్నట్నుంచీ ఆయన లేవకముందే వెళ్ళి, ఒక్కోదాన్నీ నేనే చుట్టి పెడుతున్నాను."